హమారా

కదిరి,
జూన్ నెల, ఆదివారం.

ప్రియమైన కృపకు,

ప్రభువు పేరట వందనాలు. ఇక్కడ నేనూ, అంజలీ క్షేమం. అక్కడ నువ్వు క్షేమంగా ఉండాలని ప్రార్థన చేసుకుంటున్నాము. ఉత్తరం మొదట ఈ మాట రాయడం మన పెద్దలు పెట్టిన పద్ధతి కనుక రాశాను. అందులో నిజం ఎంతో చివరిదాకా చదివితే నీకే తెలుస్తుంది.

నీ ఉత్తరం బత్తలపల్లె చిన్నక్క తెచ్చి ఇచ్చింది. ఖర్జూరాల డబ్బా అడుగున, అట్టముక్క కింద మడిచి పెట్టావంట. "ఏమన్నా, ఈ కాలంలో కూడా కాగితాలు రాసుకునే మొగుడూ పెండ్లాలు మీరే ఉండారు," అని నవ్వింది. నేనూ నవ్వాను. ఆమెకు తెలియక కాదు. ఆమె కూడా మీ వీధిలోనే ఇంకో ఇంట్లో వంట చేస్తుంది కదా. సాయంత్రమైతే నీ ఫోను మేడం చేతికి పోతుందనీ, అందులో మనం మాట్లాడుకున్న తెలుగంతా మేడం ఫోను అరబ్బీ చేసి చదివి పెడుతుందనీ నాకంటే ఆమెకే బాగా తెలుసు. ఒకప్పుడు తెలుగులో రాసుకుంటే చాలు, పరాయి దేశంలో పెట్టెకు తాళం వేసుకున్నట్టే ఉండేది. ఇప్పుడు ఆ తాళం ప్రతివాడి జేబులోనూ తెరుచుకుంటోంది. చిన్నక్క లీవు అయిపోయి బుధవారం విమానం ఎక్కుతుంది. ఈ ఉత్తరం ఆమె చేతికే ఇస్తున్నాను. చదివాక చింపేయి.

ముందు నీ ప్రశ్నలకు జవాబులు. నా పన్ను పీకించాను. ఇప్పుడు నొప్పి లేదు, కానీ ఆ పక్క నమలడం అలవాటు తప్పింది. వానలు లేవు. మృగశిర వచ్చి పోతోంది. మోడాలు కర్ణాటకలో దించుకుని, ఇక్కడికి వచ్చేసరికి ఉత్త గాలి తెస్తున్నాయి. పక్కింటి ఆంజినప్ప శనక్కాయలు ఒలిపించి విత్తనం సిద్ధం చేసుకుని, పొద్దున లేస్తే పడమర దిక్కు చూస్తున్నాడు. అంజలి ఇంటర్ రెండో సంవత్సరంలోకి వచ్చింది. బాగానే చదువుతుంది గానీ లెక్కలు కూడా దానికి ఫోనే చెప్పాలి. "సార్‌ను అడగకూడదా?" అంటే, "సారు రెండోసారి అడిగితే కసురుకుంటాడు నాయనా, ఇది ఎన్నిసార్లు అడిగినా కసురుకోదు," అంటుంది. ఓపిక మనుషుల దగ్గర అయిపోయి మిషన్ల దగ్గర దొరుకుతోంది. ఆ ఓపికే మన కొంప ముంచింది. ఆ సంగతి తర్వాత చెబుతాను.

బండి ఎలా ఉంది అని అడిగావు. బండి బాగుంది. బండికి పనే బాగాలేదు.

సోలార్ కంపెనీకి మనలాగా సొంత బండి పెట్టినవాళ్ళందరికీ చలికాలంలో ముందు అద్దానికి ఒక కెమెరా బిగించారు. అది రోడ్డును చూసేది కాదు, నన్ను చూసేది. ట్రాన్స్‌పోర్టు చూసుకునే భరత్‌కుమార్ వచ్చి, "ఇది మీ మంచికే అన్నా. నిద్ర పట్టినా, ఫోను ముట్టుకున్నా అదే చెప్తాది. రోజూ మార్కులు ఏస్తాది," అన్నాడు. దానికొక ఆడగొంతు పెట్టారు. ఏ ఊరి తెలుగో గానీ మహా మర్యాద. "మీరు అలసిపోయినట్లు కనిపిస్తున్నారు. దయచేసి నీడలో ఆగి విశ్రాంతి తీసుకోండి," అంటుంది. సోలార్ ఫలకలు పరిచిన ఆ మైదానంలో నీడ ఎక్కడుందో కూడా అదే చెబితే బాగుండేది.

నా కళ్ళ సంగతి నీకు తెలుసు. ఈ ఎండకు చికిలించి చికిలించి అలాగే ఉండిపోయాయి. పెళ్ళిచూపుల నాడు మీ అమ్మ, "పిల్లోడు మేలుకోనుండాడా, నిద్రపోతాండాడా?" అని మీ పిన్నమ్మను అడిగిందని నువ్వే చెప్పి నవ్వేదానివి. పెళ్ళయ్యాక మీ అమ్మకు ఆ అనుమానం తీరింది. ఈ కెమెరాకు తీరలేదు. నేను ఎండలోకి తిరిగితే చాలు, నిద్రపోతున్నానని రాసుకునేది.

బండిలో ఇంకో మార్పు కూడా వచ్చింది. ఇదివరకు బయటి రాష్ట్రాల నుంచి వచ్చే ఇంజనీర్లు నెల తిరిగేసరికి నాతో తెలుగు మాట్లాడేవాళ్ళు. ఒరిస్సా అబ్బాయి ఒకడు, "ఈ దావ గాదన్నా, ఆ దావన పో," అని నా కూడలిలో నాకే దారి చెప్పేవాడు. టీ బంకు దగ్గర బూతులూ నేర్చాడు, అది వేరే సంగతి. వాడి పెళ్ళికి నన్ను పిలిచాడు కూడా. ఇప్పుడు వచ్చేవాళ్ళు ఫోను నా మొహం ముందు పెడతారు. వాళ్ళు హిందీలో గొణిగితే అది నాకు తెలుగులో చెబుతుంది, నా మాట వాళ్ళకు హిందీలో చెబుతుంది. పని జరిగిపోతుంది. పని తప్ప ఇంకేమీ జరగదు. ఏడాదిగా తిరుగుతున్న వాళ్ళ పేర్లు కూడా నాకు తెలియవు.

ఇదంతా చూసి విసిగిపోయి ఉన్నప్పుడే నీ కబురు వచ్చింది. మేడం దగ్గర ఉన్న కేరళ డ్రైవరు వెళ్ళిపోతున్నాడు, నువ్వు వస్తే ఇద్దరం ఒకే చోట ఉంటాము అని. ఆ రోజు ఎంత సంతోషపడ్డానో నీకు ఫోనులో సరిగా చెప్పలేదు. గల్ఫుకు మనుషుల్ని పంపే ఏజెంటు రెండే మాటలు చెప్పాడు. కాస్త అరబ్బీ రావాలి, కెమెరా మార్కులు బాగుండాలి. అరబ్బీకి ఒక యాప్ వేసి ఇచ్చాడు. ఇంజనీర్లు సైటు లోపలికి పోయినప్పుడు బండిలో కూర్చుని నేర్చుకునేవాణ్ణి. ఆ భాషంతా గొంతులోనే ఉంది కృపా. "హ" వాళ్ళకు రెండు రకాలు. ఒకటి మనదే. ఇంకొకటి, అద్దం తుడిచేముందు నోరు తెరిచి ఆవిరి ఊదుతామే, అలా లోపలినుంచి రావాలి. ఇంకో అక్షరానికైతే కొండనాలుక కనబడేంత నోరు తెరవాలి. నేను ఎన్నిసార్లు తప్పు పలికినా ఆ యాప్ విసుక్కోలేదు. "మళ్ళీ ప్రయత్నిద్దాం," అనేది.

నేను నోరు తెరిచిన ప్రతిసారీ కెమెరా దాన్ని ఆవలింత కింద రాసుకుంది.

ఒకరోజు భరత్‌కుమార్ పిలిపించాడు. "ఏమన్నా, డ్యూటీలో ఇన్ని ఆవలింతలా? ఇంటి కాడ పండుకోవా?"

"అవి ఆవలింతలు కాదప్పా. అరబ్బీ."

వాడు నవ్వాపుకోలేక బల్ల మీద తల పెట్టుకున్నాడు. తర్వాత పాపం మొహం పెట్టి, "నాకు తెల్సన్నా, నువ్వు నిద్రపోయే మనిషివి కాదు. మిషన్‌కు అరబ్బీ తెల్దు, ఆవలింతే తెల్సు. నేనేం జేసేది?" అన్నాడు. ఏప్రిల్ నెలాఖరున మన బండి కంపెనీ నుంచి తీసేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడింది. నీతో ఫోనులో "డ్యూటీ మామూలే" అంటూ వచ్చాను. మామూలు కాదు. ఇప్పుడు కదిరి నుంచి తనకల్లు దాకా మనిషిని మనిషి మీద ఎక్కించుకుని తిప్పుతున్నాను. ఈ జనం నడుమ ఎవరైనా కెమెరా పెడితే అది మూర్ఛపోతుంది.

ఇక నీ అసలు ప్రశ్న. "అంజలి నాయనా, ఉద్యోగం నీదేనని మేడం ఆ రోజే చెప్పిందంట కదా. మాట్లాడుతుండగా ఫోను ఎందుకు తెగిపోయింది? కాగితాల మీద ఇంతవరకు ఎందుకు సంతకం పెట్టలేదు? గేటు పక్కన గది నీకు ఇస్తారంట. తొమ్మిదేళ్ళ తర్వాత ఒకే గోడ లోపల ఉంటాము. నాకు అంతకంటే ఏం వద్దు," అని రాశావు. ఆ ఒక్క వాక్యం కోసమే ఉత్తరాన్ని బైబిల్లో పెట్టుకున్నాను.

నెట్‌వర్క్ పోయిందని ఏజెంటుతో మేడంకు చెప్పించాను. నీతోనూ అదే అన్నాను. నెట్‌వర్క్ పోలేదు కృపా. ఏం జరిగిందో చెప్పాలంటే మన బండి వెనక తలుపు మీద ఉన్న మాట దగ్గర మొదలుపెట్టాలి.

నువ్వు వెళ్ళిన మొదటి ఏడాది రాశావు. "మేడం నన్ను పేరు పెట్టి పిలవదు, హమారా అని పిలుస్తుంది. మన కదిరిలో సాయిబులు హమారా అంటే మాది అని కదా. నన్ను ఇంటి మనిషిని చేసుకున్నారు," అని. ఆ రోజు మనింట్లో పండగ. బిడ్డను వదిలిపెట్టి పోయావని నా మీద, నీ మీద నోరు పారేసుకున్నవాళ్ళందరికీ ఆ ఉత్తరం చదివి వినిపించాను. తర్వాత బండి కొన్నప్పుడు, బస్టాండు దగ్గర స్టిక్కర్లు వేసే దాదాపీర్ దగ్గరికి పోయి ఆ మాటే వేయమన్నాను. వాడు పొంగిపోయాడు. "అందరూ అమ్మ దీవెన, నాయన దీవెన అని రాపిచ్చుకుంటారు. హమారా అంటే మనది అప్పా. ఇంత మంచి మాట నా అంగట్లో ఎవురూ అడగలా," అని పసుపు రేడియంలో బెత్తెడు బెత్తెడు అక్షరాలు కోసి అంటించాడు. అప్పటినుంచి తనకల్లు రోడ్డులో మనది హమారా బండి. నేను హమారా ఐజాక్. అంజలికి నువ్వు హమారా అమ్మవు. ప్రతి శుక్రవారం ఫోను ఎత్తగానే అది, "హమారా అమ్మా!" అని అరవడం, నువ్వు అటునుంచి, "ఓయ్ బంగారూ!" అనడం.

ఆ యాప్‌లో జంతువుల పాఠం ఒకటి వచ్చింది. బొమ్మ చూపించి పేరు చెప్పిస్తుంది. గాడిద బొమ్మకు "హిమార్" అంది. మట్టల ఆదివారం దగ్గర పడిన రోజులు. ప్రభువు ఎక్కి వచ్చిన జంతువు పేరు వాళ్ళ భాషలో ఇదా అనుకుని నవ్వుకున్నాను తప్ప ఇంకేం తోచలేదు. మట్టల ఆదివారం నాడు పిల్లలు ఈత మట్టలు పట్టుకుని పాడారు, ఇమ్మానుయేల్ పాస్టరు గారు గాడిద వినయం గురించి చెప్పారు, మేమంతా ఆమెన్ అన్నాం. ఆ తర్వాతి వారం తనకల్లు దగ్గర బండి ఆపుకుని ఉన్నప్పుడు ఇంకో పాఠం. మగ మాట చివర "ఆ" చేరిస్తే ఆడ మాట అవుతుందంట. ముఅల్లిమ్ అంటే పంతులు, ముఅల్లిమా అంటే పంతులమ్మ. "మీకు తెలిసిన మాట ఒకటి తీసుకుని మీరే ప్రయత్నించండి," అంది. నాకు మొదట నోటికి వచ్చింది హిమార్. ఆవిరి ఊదినట్టు ఆ "హ" పలికి, చివర "ఆ" చేర్చాను.

"ముంతాజ్!" అంది యాప్. శభాష్ అని అర్థం. తెర నిండా నక్షత్రాలు రాలాయి.

నేను ఇంకోసారి పలికాను. చిన్న "ఇ" ఉందో లేదో తెలియనంత గబగబా పలికాను, మేడం పిలుపును నువ్వు ఫోనులో పలికి చూపించేలాగా. దానికి మళ్ళీ శభాష్ అంది.

ఫోను ఆపేశాను. వేరే అర్థం ఉంటుందిలే అనుకున్నాను. అక్కడి వీధి మాట వేరు, పుస్తకం మాట వేరు అని నువ్వే అనేదానివి కదా, ఇదీ అలాంటిదేలే అనుకున్నాను. మనిషికి నమ్మాలని ఉంటే సందులు చాలా దొరుకుతాయి. ఎవరినీ అడగలేదు. నిన్ను అసలే అడగలేదు.

మే నెలలో ఏజెంటు ఆఫీసులో మేడంతో మాట్లాడించారు. బల్ల మీద పెద్ద ఫోను నిలబెట్టారు. ఆమె అరబ్బీలో మాట్లాడితే తెర కింద తెలుగు అక్షరాలు వస్తాయి, ఒక గొంతు చదువుతుంది. నా బండిలో ఉన్న గొంతే కాకపోవచ్చు, కానీ అదే మర్యాద. మేడం బాగానే మాట్లాడింది. "మీ మార్కులు ఎందుకు తగ్గాయి?" అని అడిగింది. మీ భాష నేర్చుకుంటుంటే కెమెరా ఆవలిస్తున్నాననుకుంది అని చెప్పాను. ఆమె కడుపు పట్టుకుని నవ్వింది. నాకూ ధైర్యం వచ్చింది. నేర్చుకున్న నాలుగు ముక్కలూ పలికాను. ఏజెంటు నా వీపు తట్టాడు.

అప్పుడు మేడం పక్కకు తిరిగి లోపలికి ఒక కేక వేసింది. ఆమె ఎవరితో అంటుందో మిషన్‌కేం తెలుసు? దానికి అన్నీ మాటలే. ఆ తియ్యని గొంతు నాకు చదివి వినిపించింది.

"గాడిదా, టీ ఎక్కడ? ఇంకా ఎంతసేపు?"

తెర మీద తెలుగులో అక్షరాలు. ఏజెంటు కూడా చదివాడు. అప్పుడు తలుపు దగ్గర నువ్వు వచ్చావు. చేతిలో ట్రే. నన్ను చూసి నవ్వావు. నేను చదివానని నీకు తెలియదు. తొమ్మిదేళ్ళలో మొదటిసారి నా మొహం ఆ గదిలో కనబడినందుకు నవ్వావు. అంత సంతోషంగా నువ్వు నవ్వగా చూసి చాలా కాలమైంది. ఆ నవ్వు చూసి చచ్చిపోవాలనిపించింది.

మేడం చెడ్డ మనిషి అని నేను రాయను. నీకు జ్వరం వస్తే ఆసుపత్రికి తీసుకుపోయింది. వాళ్ళ ముసలమ్మ నీకు గాజులు పెట్టింది. ఆ మాట కోపంతో అని ఉంటే కోపంలో అందిలే అని సరిపెట్టుకునేవాణ్ణి. కోపంతో అనలేదు. తలుపు మూయి అన్నట్టు అంది. అదే నాకు మండింది.

నేను లేచి నిలబడి తెలుగులోనే అన్నాను. "మేడమ్మా, ఆమెకు పేరుండాది. కృప. కృప అని పిలవండి."

మన యాస దానికి ఎక్కలేదో ఏమో, మిషన్‌కు ఒక్క ముక్కే చిక్కింది. నేను చెప్పిందేమిటో తెర మీద నాకు తిరిగి చూపించింది. "ఆమె మీద కృప చూపండి." అదే అరబ్బీలో మేడంకు చదివింది. మేడం మొహం మెత్తబడింది. చెయ్యి గుండె మీద పెట్టుకుంది. గొంతు మళ్ళీ చదివింది. "బాధపడకండి. మేము తప్పకుండా దయ చూపిస్తాము. ఉద్యోగం మీదే."

ఇదీ నాకు ఉద్యోగం వచ్చిన వైనం. నీ పేరు చెబితే నేను అడుక్కుంటున్నానని అనుకున్నారు. మీ అమ్మానాన్నలు ప్రార్థన చేసి పెట్టిన పేరు ఆ తెర మీద బిచ్చం అయిపోయింది. చెయ్యి చాపి ఫోను ఆపేశాను. "ఏమప్పా, నీకు మతి ఉండాదా? అవసరమొస్తే వసుదేవుడే గాడిద కాళ్ళు పట్టుకున్నాడంట," అన్నాడు ఏజెంటు. అన్నాక ఆ మాట తనకే తగిలినట్టుంది, తల దించుకున్నాడు. నెట్‌వర్క్ పోయిందని చెప్పమని నేనే అన్నాను.

ఇప్పుడు ఇంకో సంగతి. నువ్వు సంతకం కోసం ఎదురుచూస్తున్నావు. పోయిన వారమే నేను ఏజెంటు దగ్గరికి పోయి పాస్‌పోర్టు వెనక్కి తెచ్చుకున్నాను. రానని చెప్పేశాను. నిన్ను అడగకుండా చేశాను. నువ్వు తిట్టుకున్నా సరే. ఒకే గోడ లోపల ఉండాలని నాకు లేదనుకోకు. ప్రతి రోజూ ఉంది. కానీ ఆ కారు ఎలా ఉంటుందో ఆలోచించాను. వెనక సీట్లో మేడం, పిల్లలు, చిన్నదాన్ని ఒళ్ళో పెట్టుకుని నువ్వు. ముందు సీట్లో నేను. వాళ్ళు నిన్ను పిలుస్తారు, నువ్వు పలుకుతావు, నేను ముందుకు చూస్తూ నడపాలి. ఆ కారులో కూడా నా మొహం మీద ఒక కెమెరా ఉంటుంది. నా దవడ బిగిస్తే ఎన్ని మార్కులు తీస్తుందో. అక్కడ నాకూ ఒక పేరు సిద్ధంగా ఉంటుంది, చివర "ఆ" ఒకటి ఉండదు అంతే.

నీకు తెలుసు కదా కృపా? మొదటి ఏడాది తెలియక రాశావు. అది నేను నమ్ముతాను. ఆ తర్వాత తెలిసింది. స్టిక్కర్ వేయించి ఫోటో పంపితే నీ దగ్గర నుంచి నాలుగు రోజులు జవాబు లేదు. తర్వాత "బాగుంది" అని ఒక్క మాట పెట్టావు. పోయినసారి లీవులో వచ్చినప్పుడు బండి వెనక నిలబడి ఆ అక్షరాల మీద కొంగుతో గట్టిగా రుద్దుతున్నావు. "ఏమే, దుమ్ము కోసరం కొత్త చీర పాడు జేసుకుంటాండావు?" అన్నాను. "శానా దుమ్ముండాదయ్యా, పోలేదు," అన్నావు. నేను నవ్వి లోపలికి పోయాను.

నిన్న బ్లేడు తీసుకుని గీకేశాను. దాదాపీర్ అటు పోతూ బండి ఆపి, "ఏమప్పా ఐజాక్, మంచి మాట గదా, ఎందుకు పీకినావు?" అన్నాడు. పాతబడిపోయిందన్నాను. "కొత్తది ఏస్తా రా, దుడ్లు ఒద్దులే," అన్నాడు. వాడి మాట మంచిదే. వాడి భాషలో దానికి ఏ పాపమూ లేదు. నేను బ్లేడు కడిగి లోపల పెట్టుకున్నాను.

పసుపు అక్షరాలు పోయాయి. కానీ ఎండకు బండి రంగంతా వెలిసిపోయింది కదా, స్టిక్కర్ కింద మాత్రం కొన్ననాటి ఎరుపు అలాగే ఉంది. ఆ మాట ముందుకంటే బాగా కనబడుతోంది. దానిమీద సున్నం పూశాను, అదీ నిలవలేదు. కాలేజీ నుంచి వచ్చిన అంజలి చూసి, "నాయనా, అమ్మ పేరు ఎందుకు తీసేసినావు?" అంది. బ్రేకు ఇన్స్పెక్టరు వెనక రాతలు ఉండకూడదన్నాడని అబద్ధం చెప్పాను.

వచ్చే నెల నీ కాంట్రాక్టు మారుతుంది. సంతకం పెట్టకు. ఇంటికి వచ్చేయి. వస్తే ఏం తింటాం అంటావు. తనకల్లు రూటులో వచ్చేది తింటాం. అంజలి చదువు ఎలా అంటావు. దానికి నా దగ్గర జవాబు లేదు. జవాబు లేకుండానే రమ్మంటున్నాను. ఆ పిల్లకు ఈ సంగతి నేను చెప్పలేను. చెప్పాలా వద్దా అనేది నీ ఇష్టం. అది నీ పేరు, నువ్వే తేల్చు.

చిన్నక్క గురువారం నీకు ఇది అందిస్తుంది. మర్నాడు శుక్రవారం. అంజలి మామూలుగానే ఫోను ఎత్తి ఆ మాటతోనే పిలుస్తుంది. నేను పక్కనే కూర్చుని ఉంటాను. నువ్వు పలకకపోతే బిడ్డ బెదిరిపోతుంది. ఈ ఒక్కసారికి, ఎప్పటిలాగే, ఓయ్ అను.

ఇట్లు,
కృపాకుమారి పెనిమిటి,
అంజలి నాయన,
ఐజాక్.